కొట్టేసిన మాట

మార్చి 4

అక్కకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి ఆ వాక్యం రాయడం లేదు, అది అబద్ధం కాబట్టి. ఫోను ఎందుకు చెయ్యలేదని అడుగుతావేమో. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా ఎవరో ఒకరు పెట్టేస్తారు. ఉత్తరమైతే చివరిదాకా చదివి తీరాలి.

పోయిన గురువారం ఉదయం నీ మరదలు తను కుట్టిన బట్టలన్నీ వెనక సీట్లో వేసుకుని తన కొట్టుకి వెళ్తుంటే, నాన్న కారు ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. పంక్చరు పడలేదు, టైరు పగల్లేదు. చక్రం చక్రమే ఊడిపోయింది. అది కారుని దాటుకుని రోడ్డు వెంట దొర్లుకుంటూ వెళ్ళి మంగలి షాపు ముందున్న బెంచీకి తగిలి ఆగిందట. బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన కాళ్ళు పైకెత్తి బతికిపోయాడు. కారు మూల నేలకి ఆని, ఈడ్చుకుంటూ పోయి, ఎవరిదో ప్రహరీ గోడకి కొట్టుకుంది. నీ మరదలి కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. కట్టు విప్పాక కత్తెర పట్టగలదో లేదో ఇప్పుడే చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆవిడ దర్జీ అన్న సంగతి నీకు గుర్తు చెయ్యక్కర్లేదనుకుంటాను.

నెలరోజుల కిందట ఆ చక్రానికి స్టడ్డులూ బేరింగులూ మార్చింది నువ్వు. "నాన్న చెయ్యి పడితే ఎంతో నా చెయ్యి పడినా అంతే" అని తాళాలు ఇస్తూ గొప్పలు పోయింది కూడా నువ్వే.

నాకు జవాబు కావాలి. ఓదార్పు అక్కర్లేదు.

నీ తమ్ముడు
(ఇలా సంతకం చెయ్యడం కూడా అలవాటు కొద్దీనే)


మార్చి 8

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికి షెడ్డులో గుంటలోకి దిగి ఒక వ్యాను కింద ఉన్నాను. అక్కడే నిలబడి చదివాను. చదివాక పైకి రావడానికి మెట్లు కనపడలేదు. మరదలి చెయ్యి గురించి నాకు ఏడుపొచ్చింది. ఆ సంగతి ఆ పిల్లతో చెప్పు. నీకు చెప్పుకోవడానికి రాయడం లేదు.

ఇక నీ సంగతి. నా చేతిలోంచి వెళ్ళిన బండికి చక్రం ఊడడమా? ఇరవై రెండేళ్ళుగా పానా పట్టుకుంటున్నాను. బజారంతా నన్ను పానా అక్క అంటారు, నా అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు. ఏం చేశానో చెప్తాను, విను. హబ్బు ఊడదీశాను. పాత బేరింగు చేత్తో తిప్పితే ఇసక నలిగినట్టు చప్పుడు వచ్చింది, అందుకే లోపలిదీ బయటిదీ రెండూ తీసి పారేశాను. కొత్త వాటిలోకి గ్రీజు అరచేతిలో పెట్టి నొక్కి నొక్కి ఎక్కించాను. ఆ బండికి చక్రాన్ని పట్టుకునేవి ఐదు స్టడ్డులు, హబ్బులోంచి వేళ్ళలా బయటికి వచ్చి ఉంటాయి. రెండిటికి నట్టు పట్టే మర అరిగిపోయింది, ఒకటి వంగింది. ఐదూ కొట్టేసి కొత్తవి వేశాను. అలాంటి స్టడ్డులు ఇప్పుడు ఎవరూ చెయ్యరు. పన్నెండు రోజులు పాతసామాన్ల దుకాణాలన్నీ తిరిగి, అవే, ఆ బండికి పుట్టుకతో వచ్చినవే, వెతికి తెచ్చాను. మామూలువి వేసుంటే ఒక పూటలో అయిపోయేది.

ఇప్పుడు నేనడుగుతాను, నువ్వు చెప్పు. కొత్త స్టడ్డులు హబ్బులో కుదురుకోవాలంటే బండి కొంచెం తిరగాలి, తిరిగాక నట్లు మళ్ళీ ఒకసారి బిగించాలి. అందుకని చీటీ రాసి డ్యాష్‌బోర్డు అర మూతకి లోపల అంటించాను. చదివావా? చదివి ఉండవు. పొట్లం కట్టిన కాగితాలు కూడా విప్పి చదువుతావు గానీ అక్క రాసింది మాత్రం నీ కంటికి ఆనదు. చదివినా బిగించి ఉండవు. చేతికి మసి అంటుతుందని చిన్నప్పట్నుంచీ నీకు భయం. నీ బద్ధకానికి ఆ పిల్ల చెయ్యి పోయింది, నింద నా మీదికి తెస్తున్నావు.

ఇంటిపని నువ్వే చేస్తున్నావా, లేక విరిగిన చేత్తో ఆ పిల్ల చేత చేయిస్తున్నావా?

అక్క


మార్చి 12

అక్కకి,

నీ ఉత్తరాన్ని దిద్ది, దీనితో పాటు వెనక్కి పంపుతున్నాను. పదకొండు తప్పులున్నాయి. ఒత్తులు వదిలేయడం ఆరు, వాక్యం మధ్యలో కర్త మాయమవడం మూడు, మిగతా రెండూ తిట్లు, కానీ అక్షరదోషంతో తిట్టావు కాబట్టి దిద్దక తప్పలేదు. కోపంలో ఉన్నా నా పని నేను చేస్తాను. నీకా మాట చెప్పుకునే హక్కు లేదు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దడమంటే నేను చేసేది ఏమిటో నువ్వు ఎప్పుడూ అడగలేదు. అచ్చుకి వెళ్ళే ప్రతి కాగితం నా బల్ల మీదికి వస్తుంది. తప్పు మాట కొట్టేస్తాను, ఎక్కువైన మాట కొట్టేస్తాను. పొరపాటున సరైన మాట కొట్టేస్తే దానికీ ఒక గుర్తు ఉంది, ఆ మాట కింద చుక్కలు పెట్టి పక్కన 'ఉండనివ్వండి' అని రాయాలి. పద్దెనిమిదేళ్ళలో నేను కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టే అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఆ గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారు, ఎవరినైనా అడుగు.

అలాంటివాణ్ణి చీటీ చదవలేదంటావా? ప్రతి అక్షరం చదివాను. ప్రతి అక్షరం పాటించాను. సరిగ్గా వంద కిలోమీటర్లు తిరిగాక, ఒక ఆదివారం ఉదయం, ఇంటి ముందు కారు ఆపి నాలుగు చక్రాలూ నేనే బిగించాను. నా చేతులకి మసి అంటింది. నేనేమీ చచ్చిపోలేదు. ఏం తేలిందో కూడా రాస్తున్నాను, జాగ్రత్తగా చదువుకో. కుడి పక్క రెండు చక్రాల నట్లూ ఇనప ముద్దల్లా ఉన్నాయి, కాలితో తొక్కినా కదల్లేదు. ఎడమ పక్కవి ఒక్కొక్కటి కిర్రుమని కదిలి పావు చుట్టు తిరిగాయి. అంటే కుడి పక్క బిగించావు, ఎడమ పక్కకి వచ్చేసరికి ఎవరో పలకరించారు, కబుర్లలో పడి మరిచిపోయావు. అప్పుడే నిన్ను నిలదీయాల్సింది. అక్కవి కదా అని ఊరుకున్నాను.

ఇక ఊరుకోను. షెడ్డులకి అనుమతులిచ్చే కార్యాలయానికి ఫిర్యాదు రాస్తున్నాను. ఇంకొకరి చెయ్యి విరగకముందే నీ షెడ్డు మూతపడాలి.

నీ తమ్ముడు

ఇంటిపని నేనే చేస్తున్నాను.


మార్చి 16

ప్రూఫులవాడికి,

ఎర్ర సిరా పూసిన నా ఉత్తరం అందింది. పొయ్యిలో పెట్టాను.

నీ ఉత్తరంలో ఒక్కచోట మాత్రం నా కన్ను ఆగిపోయింది. 'ఎడమ పక్కవి ఒక్కొక్కటి కిర్రుమని కదిలి పావు చుట్టు తిరిగాయి' అన్నచోట. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివాను. ఓరి నాయనా, నువ్వు బిగించలేదురా. విప్పావు.

ఆ కాలం బళ్ళకి కొన్నిటికి ఎడమ పక్క చక్రాల స్టడ్డులకి ఎడమ మర ఉంటుంది. అంటే సీసా మూతా, పంపు గొట్టమూ, నీకు తెలిసిన ప్రతి మరా ఒకవైపు తిప్పితే బిగుస్తుంది కదా, ఇది సరిగ్గా దానికి ఎదురు తిప్పితే బిగుస్తుంది. చక్రం తిరిగే ఊపుకి నట్టు విడిపోకుండా అలా చేశారు. పన్నెండు రోజులు నేను వెతికింది అందుకే. నువ్వు కుడి పక్క తిప్పినట్టే ఎడమ పక్కా తిప్పావు. కుడివి ఇంకా బిగియడానికి చోటు లేక కదల్లేదు. ఎడమవి నేను బిగించిన పట్టు వదిలి కదిలాయి. అవి కదలడం చూసి నేను వదులుగా వదిలేశానని మురిసిపోయావు. ఆ మిగతాది రోడ్డు చూసుకుంది.

ఎటు తిప్పాలో చీటీలో స్పష్టంగా రాశాను. ప్రతి అక్షరం పాటించానంటున్నావు, ఏం పాటించావు?

ఇంకో సంగతి, నీ మీద కోపంతో సంబంధం లేకుండా విను. వెనక ఎడమ చక్రం కూడా అలాగే ఉండి ఉంటుంది. కారుని అంగుళం కూడా కదిలించకు. ఎవరినీ తోయనివ్వకు. నమ్మకం లేకపోతే ఆ స్టడ్డు మొహం తుడిచి చూడు, గోరంత 'ఎల్' అక్షరం చెక్కి ఉంటుంది. అక్షరాలవాడివి కదా, చదువుకో.

ఫిర్యాదు ఇచ్చుకో. ఈ షెడ్డు తప్ప నాకు వేరే బతుకు లేదని తెలిసే ఇస్తున్నావు, అదీ నాకు తెలుసు.

పానా


మార్చి 20

అక్కకి,

ఫిర్యాదు ఇచ్చేశాను. ఏప్రిల్ పదో తారీకున విచారణ. నీకూ కాగితం వస్తుంది.

ఎడమ మర అట. చదువుతూ ఉంటే నవ్వొచ్చింది, ఆ నవ్వు చూసి నీ మరదలు భయపడింది. దొరికిపోయినప్పుడు కథలు అల్లడంలో నువ్వు చిన్నప్పట్నుంచీ దిట్టవి. పోనీ, నీ మాటే నిజమనుకుందాం. అప్పుడు ఇంకా ఘోరం. లోకంలో అందరికీ తెలిసిన మామూలు స్టడ్డులు వేసి ఉంటే ఒక పూటలో అయిపోయేదని నువ్వే రాశావు. అవి వేసి ఉంటే ఈ ఇంట్లో ఒక చెయ్యి బాగుండేది. నీ పంతం కోసం, నాన్న బండి నాన్న బండిలాగే ఉండాలన్న నీ గొప్ప కోసం, పన్నెండు రోజులు ఊరంతా తిరిగి ఒక ఉచ్చు తెచ్చి నా భార్య చక్రానికి బిగించావు.

ఇక చీటీ సంగతి. కారు తెచ్చుకున్న మర్నాడే దాన్ని నా పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. ఫిర్యాదుకి జత చేసిన నకలు అదే. నీకూ పంపుతున్నాను.

'వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత నాలుగు చక్రాల నట్లను బిగించాలి. ఒకటి విడిచి ఒకటి. మరచిపోకు.'

ఎటు తిప్పాలో ఇందులో ఎక్కడుంది? చూపించు. కుడీ లేదు, ఎడమా లేదు, మరా లేదు. స్పష్టంగా రాశానన్నావు. ఎప్పుడూ ఇంతే, నీ తలలో ఉన్నదంతా కాగితం మీద ఉందనుకుంటావు.

టార్పాలిన్ కప్పిన కారు వీధి మలుపులో ఉంది. దాని మొహం నేను చూడను.

నీ తమ్ముడు


మార్చి 24

దొంగ నకళ్ళవాడికి,

నేను రాసింది నాకు గుర్తుంది. ప్రతి బండికీ అదే చీటీ రాస్తాను, కళ్ళు మూసుకుని చెప్పగలను.

'వంద కిలోమీటర్లు తిరిగాక నాలుగు చక్రాల నట్లూ ముందుకు బిగించాలి. ఒకటి విడిచి ఒకటి. మరిచిపోకు.'

ముందుకు. ఆ మాట ఏదిరా? నా చీటీలో ఉన్న మాట నీ నకలులో ఎలా మాయమైంది?

ముందుకు అంటే ఏమిటో నువ్వు ఆ ఇంట్లో పుట్టినవాడివి, నీకు చెప్పాలా? షెడ్డులో నాన్న కుడి ఎడమ అనేవాడా ఎప్పుడైనా? ముందుకు అంటే బిగింపు, వెనక్కి అంటే విడుపు. బండి ముందుకు పోతుంటే చక్రం ఎటు తిరుగుతుందో నట్టుని అటు తిప్పితే బిగుస్తుంది, రివర్సులో ఎటు తిరుగుతుందో అటు తిప్పితే విడుతుంది. కుడి పక్క కుడి మర, ఎడమ పక్క ఎడమ మర ఉన్న బండికి రెండు పక్కలా అదొక్క మాటే సరిపోతుంది. పక్కలు తడబడకుండా ఉండేందుకే నాన్న ఆ మాట పెట్టాడు. ఆ ఒక్క మాటలో అంతా ఉంది. ఆ ఒక్క మాటే నువ్వు తీసేశావు.

కార్యాలయానికి దొంగ నకలు ఇవ్వడానికి నీకు సిగ్గు లేదా? ఇంత ద్వేషం నామీద నీకు ఎప్పట్నుంచి ఉంది? నువ్వు దర్జాగా తెల్ల చొక్కా వేసుకుని ప్రెస్సుకి పోతుంటే నేను నాన్న పక్షవాతం కాళ్ళు మోసుకుంటూ షెడ్డు నడిపాను, నేనేమైనా అన్నానా? అన్నానే అనుకో, నలుగురిలో అన్నానా?

చీటీ ఇంకా ఆ మూతకే ఉంటుంది. నేను వేసిన జిగురు అంత తేలిగ్గా ఊడదు. వెళ్ళి టార్పాలిన్ ఎత్తి చూడు. చూసి, పదో తారీకున ఆ చీటీ పట్టుకుని రా. నకలు కాదు.

పానా


ఏప్రిల్ 2

జవాబు లేదు. అంటే చూశావన్నమాట. లేదా చూడలేదన్నమాట. నీ విషయంలో రెండిటికీ తేడా లేదు.

నిన్న కార్యాలయం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన షెడ్డు పొడవూ వెడల్పూ కొలిచాడు. పదిహేనేళ్ళుగా ఆ కొలత మారలేదని చెప్పినా కొలిచాడు. రెండో ఆయన స్టడ్డులు నొక్కి ఎక్కించే నా యంత్రం చూసి, దీన్ని ఆడవాళ్ళు నడుపుతారా అని అడిగాడు. నడిపి చూపించాను. రాసుకున్నాడు, ఏం రాసుకున్నాడో తెలీదు. పదో తారీకుదాకా కొత్త పనులు తీసుకోవద్దన్నారు. గుంటలో ఉన్న వ్యాను యజమాని ఇవాళ వచ్చి, ఏమీ అనకుండా బండి వేరే షెడ్డుకి లాగించుకు పోయాడు. పన్నెండేళ్ళుగా నా దగ్గరికే వచ్చే మనిషి. ఏదైనా అనుంటే బాగుండేది.

షెడ్డు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. చెయ్యడానికి పని లేక పానాలన్నీ కిరసనాయిల్లో కడిగి వరసగా పెట్టాను. నీకు కావాల్సింది ఇదే అయితే వచ్చి చూసుకుపో.

పానా


ఏప్రిల్ 5

అక్కకి,

నీ మార్చి ఇరవై నాలుగో తారీకు ఉత్తరం ఇరవై ఆరున అందింది. ఆ సాయంత్రమే వెళ్ళి టార్పాలిన్ ఎత్తాను. అప్పట్నుంచి ఇవాళ్టిదాకా పది రోజులు. ఆ పది రోజుల సంగతి కూడా రాయకపోతే ఈ ఉత్తరం కూడా దొంగ నకలే అవుతుంది.

చీటీ మూతకే ఉంది. 'ముందుకు' అన్న మాటా ఉంది. దాని మీద ఎర్ర గీత ఉంది. ఆ గీత నాది. 'తిరిగాక' అన్నచోట 'తిరిగిన తరువాత' అని దిద్దింది కూడా నేనే. అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు తాళాలు తేవడానికి లోపలికి వెళ్ళావు, నేను సీట్లో కూర్చుని ఉన్నాను, జేబులో పెన్ను ఉంది. చీటీ కనపడింది, చెయ్యి దానంతట అదే దిద్దింది. బిగించడానికి ముందేమిటి వెనకేమిటి, ఇది ఎక్కువైన మాట అనుకున్నాను. అనుకున్నానని కూడా చెప్పలేను, అంతసేపు పట్టలేదు. కొట్టేసిన మాట నా కంటికి ఇక కనపడదు. ఉద్యోగం అలా చేసింది నన్ను. మర్నాడు ఎత్తి రాసుకున్నప్పుడూ కనపడలేదు. ఆదివారం పానా పట్టుకుని, చీటీ చదువుకుంటూ ఒక్కో నట్టూ తిప్పినప్పుడూ కనపడలేదు. నేను నకలు మార్చలేదు అక్కా. నాకు తెలిసినంతలో నిజమే రాశాను. అదే ఎక్కువ భయంగా ఉంది.

వెనక ఎడమ చక్రం చూశాను. నట్లు వేళ్ళతో తిరిగాయి. స్టడ్డు మొహం తుడిచాను. 'ఎల్' ఉంది, చాలా శుభ్రంగా చెక్కి ఉంది.

చీటీ ఊడదీసి చించేద్దామనుకున్నాను. ఆ మాట రాయడానికి నాకు పది రోజులు పట్టింది. చించేస్తే నా నకలే మిగిలేది, నీ మాట ఎవరూ నమ్మేవారు కాదు. చించలేదు, అలాగని నీకు రాయనూ లేదు. ఊడదీసి జేబులో పెట్టుకుని ప్రెస్సుకి వెళ్ళి ఇతరుల తప్పులు దిద్దాను. నీ ఏప్రిల్ ఉత్తరం వచ్చాక కూడా ఒక రోజు ఊరుకున్నాను.

నిన్న నేను ఉతకడానికి వేసిన చొక్కా జేబులో నీ మరదలు చీటీ చూసింది. ఎడమ చేత్తో విప్పింది. "ఇదేమిటి?" అని అడిగింది. చెప్పాను, మొత్తం. ఆవిడ అరవలేదు. చీటీ మీది ఎర్ర గీతని వేలితో చూపించి, "మా వదిన రాతలో మీకు నచ్చనిది ఈ ఒక్క మాటేనా?" అంది. ఆ తర్వాత, "మీరే రాయండి ఆవిడకి. నేను రాద్దామంటే చెయ్యి లేదు" అంది. అప్పట్నుంచి నాతో అవసరానికి తప్ప మాట్లాడడం లేదు. ఎడమ చేత్తో కత్తెర పట్టడం నేర్చుకుంటోంది. మామూలు కత్తెర ఎడమ చేత్తో సరిగ్గా తెగదట. నాకు ఆ సంగతీ తెలీదు.

తప్పు నాది. ఇది దాన్ని తగ్గించడానికి కాదు, అయినా రాస్తున్నాను. 'నువ్వు ఆ ఇంట్లో పుట్టినవాడివి, నీకు చెప్పాలా' అన్నావు. చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు. నాన్న నన్ను షెడ్డు తలుపు దాటనివ్వలేదు. "వీడి చేతులు కాగితాలకే" అనేవాడు. అది మెచ్చుకోలో వెటకారమో నాకు ఇప్పటికీ తెలీదు. లోపల్నుంచి మీరిద్దరూ 'ముందుకు, ముందుకు' అని అరుచుకుంటుంటే ఎవరిదో బండి ముందుకు తోస్తున్నారనుకునేవాణ్ణి. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. మొన్న నీ ఉత్తరం చదివేదాకా అలాగే అనుకున్నాను.

పదో తారీకున చీటీ తెస్తాను. దాని మీద పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాను. అక్కడ చూస్తావు.

తమ్ముడు


ఏప్రిల్ 13

ప్రూఫులవాడికి,

ఫిర్యాదు కొట్టేశారు కాబట్టి షెడ్డు తెరిచాను. వ్యాను ఆయన తిరిగి రాలేదు. వస్తాడనీ అనుకోవడం లేదు.

కార్యాలయంలో బల్లకి ఆ చివర నువ్వు, ఈ చివర నేను కూర్చున్నాం, పలకరించుకోలేదు, మంచిదే అయింది. నోరు విప్పి ఉంటే ఏమనేదాన్నో. ఆ అధికారి చీటీ వెలుతురులో పెట్టి "ఈ ఎర్ర గీత ఎవరిది?" అంటే "నాదే" అన్నావు. "మరి మాట కింద ఈ చుక్కలేమిటి?" అంటే "కొట్టేయడం పొరపాటు, ఆ మాట ఉండనివ్వాలని" అన్నావు. అది నాకు నచ్చలేదు. అది పొరపాటు కాదు, పొగరు. అక్క రాసింది అర్థం కాకపోతే అక్కకే మాటలు రావనుకోవడం పొగరు. ఆ తర్వాత పది రోజులు పొగరు కూడా కాదు, దానికి నా దగ్గర మంచి మాట లేదు, నీ పుస్తకాల్లో వెతుక్కో. ఆ పది రోజులు నేను నీకు వదిలిపెట్టను.

కానీ నేనూ ఒకటి చెప్పాలి. నువ్వు దాచుకున్నది రాశావు కాబట్టి నేను దాచుకున్నది రాయకపోతే నీకంటే చిన్నదాన్ని అయిపోతాను. ఆ చీటీలో 'ఎడమ పక్క ఎదురు తిప్పాలి' అని రాయొచ్చు. తెలియనివాళ్ళ బళ్ళకి అలాగే రాస్తాను. ప్రతి బండికీ అదే చీటీ అని నీకు రాసింది అబద్ధం. నీకు మాత్రం మా షెడ్డు మాట రాశాను. నీకు అర్థం కాదని లోపలెక్కడో తెలుసు. అర్థం కాక అడుగుతావని, అడిగితే నవ్వుదామని అనుకున్నాను. నాన్న నిన్ను తలుపు దాటనివ్వనప్పుడు నాకు హాయిగా ఉండేది, ఆయన్ని నీతో పంచుకోనక్కర్లేదని. నలభై మూడేళ్ళు వచ్చినా ఆ హాయి పోలేదు. నువ్వు అడగలేదు, దిద్దావు. మధ్యలో ఆ పిల్ల చెయ్యి విరిగింది.

మరదలికి ఎడమచేతి కత్తెర వెతుకుతున్నాను. రెండు దుకాణాల్లో లేదన్నారు. ఎడమ మర స్టడ్డులు వెతికినదాన్ని, కత్తెర దొరక్కపోతుందా. దొరికాక నేనే తెస్తాను. నీతో పంపను.

కారుని లారీ మీదికి ఎక్కించి తీసుకురా. హబ్బు నేలకి రాసుకుంది కాబట్టి బేరింగులు మళ్ళీ మార్చాలి, స్టడ్డులు కూడా. ఈసారి తలుపు దగ్గర నిలబడకు, లోపలికి రా. జాకీ నేను ఎత్తుతాను, నట్లు నువ్వు బిగించు. ఎటు తిప్పాలో నేను చెప్పను, చీటీ మీద ఉంది. మసి అంటితే కిరసనాయిలు ఉంది.

చివరగా ఒకటి. కొట్టేసిన మాట నీ కంటికి కనపడదన్నావు. ఈ ఉత్తరం మొదట్లో 'ప్రూఫులవాడికి' అన్నదానికి పైన ఒక మాట రాసి, కోపం ఆగక కొట్టేశాను. కాగితం వెలుతురులో పెట్టి చూడు, 'తమ్ముడికి' అని ఉంటుంది. ఉత్తరం పూర్తయ్యాక దాని కింద చుక్కలు పెట్టాను.

అక్క